సుక్రు పాటకు చప్పట్లు

వచ్చే నెల సుష్మ గారు మన లైబ్రరీకి వస్తున్నారని లైబ్రేరియన్ బాలాజీ చెప్పినప్పుడు రమణి కింద చాప మీద కూర్చుని చిరిగిన బొమ్మల పుస్తకానికి టేపు అంటిస్తోంది. చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"విశాఖపట్నంలో ఆవిడ కథ చెబితే హాలు నిండిపోద్ది. మన పాడేరు వస్తాననడమే గొప్ప. ఆ ఆదివారం కథలు ఆవిడే చెబుతారు. నువ్వు పక్కనుండి పిల్లల్ని చూసుకో చాలు" అన్నాడు బాలాజీ.

"రానీండి సార్" అంది రమణి.

ప్రతి ఆదివారం ఆ లైబ్రరీలో పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివి, పాటలు పాడించేది రమణే. కొండ మీది వాళ్ల ఊరినుంచి జీపులో దిగి వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు, ఆఫీసు క్వార్టర్ల పిల్లలు, సంతవీధి షాపులవాళ్ల పిల్లలు అందరూ ఆమె చుట్టూ చేరతారు. వాళ్ల కోసం ఆమె పులిలా గాండ్రిస్తుంది, కోడిలా కొక్కొరొకో అంటుంది. ఒక్క పుస్తకాన్ని మాత్రం ఎప్పుడూ పిల్లలకు చదివి వినిపించలేదు. దాని పేరు 'నిద్రమొద్దు బుజ్జిగాడు'. రాసింది సుష్మ.

ఆ పుస్తకంలోని పాట రమణి వాళ్లమ్మది.

రమణి తమ్ముడు సుక్రు మూడేళ్లవాడు. వానాకాలంలో జ్వరమొచ్చింది. అప్పటికింకా ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి కిందికి మోసుకెళ్తుంటే కొండవాగు, ఆ గెడ్డ, పొంగి దారి మూసేసింది. ఆ ఒడ్డునే డోలీలో పిల్లవాడి ఊపిరి పోయింది. మర్నాడు పొద్దున్న, మట్టి చేసేముందు, వాళ్లమ్మ యర్రమ్మ కొడుకుని ఒళ్లో పెట్టుకుని లేపుతూ పాడింది.

లెగరా లెగరా సుక్రూ, తెల్లారినాది
సామ అంబలి సల్లారినాది
అయ్య పోడుకెల్లిపోనాడు
మేకపిల్ల నిన్నడిగినాది
లెగరా సుక్రూ లెగరా

అప్పటికప్పుడు కట్టిన పాట అది. ఆ తర్వాత యర్రమ్మ అడవిలో కట్టెలు కొడుతున్నప్పుడో, ఒక్కతే తిరగలిలో చోళ్లు విసురుతున్నప్పుడో మాత్రమే పాడేది. ఎవరైనా వస్తే ఆపేసేది.

తర్వాత కొన్నాళ్లకు కొండ పాటలు సేకరించడానికి వచ్చిన సుష్మ వాళ్లింట్లోనే వారం రోజులుంది. యర్రమ్మ వండింది తింది, యర్రమ్మ పక్కన పడుకుంది, అమ్మా అని పిలిచింది. వెళ్లేముందు రోజు, "నీ మనసులో దాచుకున్న పాట ఒకటి పాడమ్మా" అని గడ్డం పట్టుకుని బతిమాలింది. యర్రమ్మ పాడింది. ఎవరి కోసం పాడిందో చెప్పింది కూడా. చెబుతున్నప్పుడు సుష్మ కళ్లు తుడుచుకోవడం రమణి చూసింది. "ఇది నీకు సెప్పినాను గానమ్మా, బయట పాడకు. ఇది పిల్లలకి పాడీది కాదు" అంది యర్రమ్మ. సుష్మ ఆమె చెయ్యి పట్టుకుని సరేనంది. ఫోన్ మాత్రం చాప మీద రికార్డు చేస్తూనే ఉంది.

రెండేళ్ల తర్వాత యర్రమ్మ కాఫీ గింజలమ్మడానికి సంతకొచ్చి, అంగన్‌వాడీ ముందునుంచి నడుస్తూ ఆగిపోయింది. లోపల పిల్లలు చప్పట్లు కొడుతూ నవ్వుకుంటూ పాడుతున్నారు. లెగరా లెగరా బుజ్జీ. తన కొడుకు బద్ధకపు పిల్లాడైపోయాడు. గోడ మీది రంగుల బొమ్మలో దుప్పటి ముసుగుతన్ని గురక పెడుతున్నాడు. యర్రమ్మ సంత చెయ్యకుండానే ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఆమె ఏ పాటా పాడలేదు. పెళ్లిళ్లలో థింసా ఆడే ఆడవాళ్లు చెయ్యి పట్టి లాగినా, గొంతు పోయిందని చెప్పి వచ్చేసేది.

సుష్మ వస్తుందన్న కబురు విన్న రాత్రి రమణి తల్లికేమీ చెప్పలేదు. మరుసటి ఆదివారం కథలయ్యాక పిల్లలను దగ్గరికి పిలుచుకుంది. సుక్రు ఎవరో చెప్పింది. డోలీ సంగతి, గెడ్డ సంగతి చెప్పింది. తర్వాత పాట మొత్తం నేర్పింది, పుస్తకంలో లేని చివరి చరణంతో సహా.

"ఈ పాటకి సప్పట్లు కొట్టకూడదు. ఎవరు కొట్టమన్నా కొట్టకూడదు" అంది.

పిల్లలు తలలూపారు. వాళ్లను ఇందులోకి లాగుతున్నానని ఆమెకు తెలుసు. ఒక క్షణం మనసు పీకింది. గోడ పక్కన మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, నోరు మూసుకుని కూర్చునే తల్లి కళ్ల ముందు మెదిలింది. ఇక వెనక్కి తగ్గలేదు.

సుష్మ రానే వచ్చింది. నేత చీర, చేతిలో కంజిర, సంచినిండా తోలుబొమ్మలు. గుమ్మంలోనే రమణిని గుర్తుపట్టి కౌగిలించుకుంది.

"ఎన్నాళ్లయింది. అమ్మ పాడుతోందా?"

"మీరొచ్చి వెళ్లాక మానేసింది మేడమ్" అంది రమణి, నవ్వుతూనే.

సుష్మకు అది తగల్లేదు. గది నిండా పిల్లలు, వెనక బెంచీల మీద తల్లిదండ్రులు. మొదట ఎలుగుబంటి కథ చెప్పింది. బాగా చెప్పింది, పిల్లలు పడీపడీ నవ్వారు. తర్వాత 'నిద్రమొద్దు బుజ్జిగాడు' తీసి, బొమ్మ అందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఇప్పుడు అందరూ చప్పట్లు కొడుతూ నాతో పాడాలి. లెగరా లెగరా బుజ్జీ..."

కంజిర మోగింది. ఒక్క చెయ్యీ కదల్లేదు. పిల్లలంతా చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తున్నారు.

"సిగ్గేస్తోందా? మళ్లీ మొదలెడదాం."

ఈసారి ఇంకా గట్టిగా పాడింది. ఆమె గొంతొక్కటే గదంతా తిరిగింది. ముందు వరుసలో నూకరత్నం అనే రెండో తరగతి పిల్ల లేచి నిలబడింది.

"సుక్రుకి సప్పట్లు కొట్టకూడదు టీచర్. ఆడు నిద్దరోలేదు. సచ్చిపోనాడు. డోలీలో సచ్చిపోనాడు."

కంజిర ఆగింది. వెనక తల్లిదండ్రులు ముఖాలు చూసుకున్నారు. బాలాజీ గొంతు తగ్గించి "రమణీ, ఏంటిది?" అన్నాడు. రమణి అతని వైపు చూడలేదు. ముందుకొచ్చి సుష్మ చేతిలోంచి పుస్తకం తీసుకుని చివరి పేజీ తిప్పింది. అందులో బుజ్జిగాడు దుప్పటి విసిరేసి, సూర్యుడి వైపు గెంతుతున్నాడు.

"మా అమ్మ పాడిన ఆఖరి చరణం ఇందులో లేదేం మేడమ్?"

సుష్మ పెదాలు తడుపుకుంది. "అది... పిల్లల పుస్తకంలో బాగుండదని తీసేశాం."

"అంటే తెలిసే తీసేసినారు."

సుష్మ కంజిరను సంచిలో పెట్టబోయింది.

"మా అమ్మ మీకోసం పాడింది. మీరిప్పుడు మా తమ్ముడికోసం పాడండి."

"రమణీ, తర్వాత మాట్లాడుకుందాం. నాకది గుర్తులేదు."

"పిల్లలకి గుర్తే. ఆళ్లు అందిస్తారు." రమణి పిల్లల వైపు తిరిగి తలూపింది.

పిల్లలు మెల్లగా అందుకున్నారు.

లెగనంటే మానీలే సుక్రూ
మన్ను దుప్పటి కప్పుకోలే

రమణి గుమ్మానికి అడ్డంగా నిలబడలేదు, సుష్మ చెయ్యి పట్టుకోలేదు. వెళ్లిపోవాలనుకుంటే సుష్మ వెళ్లిపోవచ్చు. కానీ అన్ని కళ్లు తననే చూస్తుంటే ఆమె కదల్లేకపోయింది. పిల్లలు ఆ రెండు ముక్కలూ పాడి ఆగారు, ఆమె కోసం ఎదురుచూస్తూ. సుష్మ ఆ మాటలు పలికింది. వాళ్లు మిగతాది అందించారు.

సలేస్తే నన్ను పిలవరా
నీ పక్కనే తొంగుంటాలే

'పక్కనే' అన్న దగ్గర ఆమె గొంతు పూడుకుపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాప మీద కూలబడింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదని రమణికి అర్థమైంది. అయినా జాలి పుట్టలేదు. మండుటెండలో నడిచొచ్చి గెడ్డ నీళ్లు దోసిలితో తాగినట్టుంది. ఇంతలో ఒక చిన్నపిల్ల బెదిరిపోయి అమ్మా అని ఏడుపందుకుంటే రమణే వెళ్లి ఎత్తుకుంది. ఆ పిల్ల వెక్కిళ్లు భుజానికి తగులుతుంటే మాత్రం ఆమె ఎవరి ముఖంలోకీ చూడలేకపోయింది.

సుష్మ ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కింది. బాలాజీ చెడామడా తిట్టాడు. పసిపిల్లల ముందు చావు గొడవేంటని ఆదివారం కథలు మానిపించాడు. తిట్టినవి చాలావరకు నిజమేననిపించి రమణి ఎదురు చెప్పలేదు. రెండు మూడు వారాలు ఖాళీ చాపలు చూసుకున్నాక అతనే ఫోన్ చేసి రమ్మన్నాడు. తర్వాతి ప్రింటులో యర్రమ్మ పేరు వేయిస్తానని సుష్మ మెసేజ్ పెట్టింది. వద్దని, ఆ పుస్తకమే ఇక వెయ్యొద్దని రమణి జవాబిచ్చింది. దానికి ఇంకా బదులు రాలేదు.

సుష్మ వచ్చి వెళ్లిన ఆ ఆదివారం సాయంత్రమే, రమణి ఇంటికొచ్చేసరికి యర్రమ్మ వాకిట్లో ఎండిన కాఫీ గింజలు కుప్ప చేస్తోంది. పక్కన గొంతుక్కూర్చుని జరిగిందంతా చెప్పింది. అలా చెయ్యకూడదే గుంటా అని తల్లి మందలిస్తుందేమోనని లోపల బెరుకుగానే ఉంది.

యర్రమ్మ చేతులు ఆపింది.

"కడదాకా పాడినాదా?"

"పాడినాది. ఆఖర్న గొంతు పూడుకుపోనాది."

"ఏడిసినాదా?"

"ఏడిసినాది."

యర్రమ్మ మళ్లీ గింజలు దగ్గరికి లాక్కుంది.

"సాలదు" అంది.