పద్నాలుగో పాయింటులో చెయ్యి

మండపేట మిల్లుల్లో ఆడించిన బియ్యం లారీల మీద మా స్టేషనుకు వస్తుంది. గూడ్స్ షెడ్డు దగ్గర హమాలీలు బస్తాలను కొక్కేలతో గుచ్చి వ్యాగన్లలోకి ఎత్తుతారు. కొక్కెం గుచ్చిన చోటల్లా బస్తా కారుతుంది. వ్యాగన్లు కదిలినప్పుడు ఆ గింజలు దారిపొడుగునా రాలుతూ పోయి, పట్టాలు రెండు దారులుగా చీలే చోట ఎక్కువగా పోగుపడతాయి. ఆ చోటునే మేం పాయింటు అంటాం.

పాయింటు దగ్గర ఒక పట్టా కదలదు. దాని పక్కన మొనదేలిన పట్టా ఒకటి మోటారుతో అటూ ఇటూ జరిగి, బండి ఏ దారిన పోవాలో తేలుస్తుంది. రెంటి మధ్యా సందులో గింజలు చేరితే మొన పూర్తిగా అతుక్కోదు. అయిదు మిల్లీమీటర్లు ఎడమున్నా సిగ్నల్ రాదు. బండి పట్టాలు తప్పకుండా చేసుకున్న ఏర్పాటు అది. ఆ ఏర్పాటు చెడకుండా చూడడం నా ఉద్యోగం. నేను అక్కడ సిగ్నల్ జూనియర్ ఇంజనీరుని. పేరు ఎజ్రా. మా ఇంటిపేరున్నవాళ్ళలో మొదట డిగ్రీ చదివింది నేనే. ఉద్యోగంలో చేరే రోజున మా నాన్న ఒకటే చెప్పాడు: "కూలికెళ్ళిన చోట పని దొంగతనం చెయ్యలేదురా నేను. నువ్వూ చెయ్యకు."

షెడ్డుకు వెళ్ళే దారిలో పద్నాలుగో నంబరు పాయింటు ఉంది. రెండో పంట దాళ్వా బియ్యం లోడింగు మొదలైతే అది పూటపూటా మొరాయించేది. దాన్ని బాగుచేసేది నిజానికి మేం కాదు. చీపురూ చేటా పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు. సందుల్లో గింజలన్నీ ఊడ్చుకుపోతే వాళ్ళకు రెండు పూటల నూక దొరికేది, మాకు పాయింటు శుభ్రమయ్యేది. రూలు ప్రకారం వాళ్ళు అక్కడ అడుగు పెట్టకూడదు. రైల్వే పోలీసులు అప్పుడప్పుడూ వచ్చి తరిమేవారు. మర్నాడు వాళ్ళు మళ్ళీ వచ్చేవారు. మేం చూడనట్టు ఉండేవాళ్ళం.

లీవర్లున్న రోజుల్లో క్యాబిన్ మీదుండే పెదబాబు కిటికీలోంచి "లేవండర్రా, లేవండి!" అని కేకేసి, వాళ్ళు లేచాకే లీవరు లాగేవాడట. నేను వచ్చేసరికి క్యాబిన్ తీసేశారు. స్టేషను లోపలి గదిలో పానెల్ పెట్టారు. బటన్ నొక్కితే చాలు, దూరంగా మోటారు తిరుగుతుంది. దీపం వెలిగితే పాయింటు పడినట్టు. అక్కడ ఎవరున్నారో గదిలోంచి కనపడదు.

మోటారు తిరిగే ముందు పాయింటు దగ్గర గంట మోగేలా పెడదామని నేను పైకి రాశాను. తనిఖీకి వచ్చినప్పుడు మా అధికారి నవ్వారు. "అక్కడ మనుషులుండకూడదు కదయ్యా. గంట ఎవరికి?" అన్నారు.

అసిస్టెంటు స్టేషను మాస్టరు బంగార్రాజు గారు సరదా మనిషి. పాయింటు పడక దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే కంగారు పడేవారు కాదు. "గింజ అడ్డం పడిందిలెండి. రెండో దెబ్బకి నూకైపోద్ది" అని అదే బటన్ మళ్ళీ నొక్కేవారు. నిజంగానే గింజలు నలిగి మొన అతుక్కునేది. సీజనులో స్టేషనంతా నేర్చుకున్న వైద్యం అది. మనిషిని పంపి చూడడం మూడో దెబ్బ తర్వాత మాటే.

ఆ రోజు మధ్యాహ్నం నేనొక్కణ్ణే యార్డులో ఉన్నాను. నా కింద పనిచేసే మెయింటెయినరు అన్నవరంలో వ్రతమని సెలవు పెట్టాడు. మెయిన్ లైను పక్కనుండే లూపు లైన్లో ఖాళీ వ్యాగన్లు షెడ్డులోకి రావడానికి నిలబడి ఉన్నాయి. పక్క పాయింటుకు గ్రీజు పూస్తుంటే పద్నాలుగో మోటారు గుర్రుమంది. దాని వెంటే కేక.

పరిగెత్తాను. గింజలు ఊడ్చుకునే వీరవేణి మోకాళ్ళ మీద ఉంది. ముప్పై దాటని మనిషి. కుడి చేతి నాలుగు వేళ్ళూ సందులో ఉన్నాయి. మొన వాటి మీదికి వచ్చి ఆగింది. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది, అతుక్కోవాలని. కాసేపటికి దానంతటదే ఆగింది. ఇప్పుడు పానెల్ మీద దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. బంగార్రాజు గారు గింజ అనుకుంటారు.

రెండో దెబ్బ.

మోటారు పక్కన చిన్న మూత ఉంటుంది. దాన్ని కిందికి లాగితే కరెంటు తెగిపోతుంది. ముందు అది లాగాను. ఆయన ఎన్నిసార్లు నొక్కినా ఇక కదలదు. అయితే వెనక్కి కూడా రాదు. వెనక్కి తిప్పాలంటే క్రాంక్ హ్యాండిల్ కావాలి. అది స్టేషను మాస్టరు గదిలో తాళంలో ఉంటుంది. ఎవరుపడితే వాళ్ళు పాయింట్లు తిప్పకుండా అదొక జాగ్రత్త.

గునపం తెచ్చి సందులో దూర్చి, ఒళ్ళంతా వేసి మీటాను. మొన వెంట్రుకవాసి వెనక్కి తగ్గింది. వీరవేణి ఊపిరి తీసుకుంది.

"లాగమ్మా చెయ్యి!"

"రావట్లేదు బాబూ. రావట్లేదండి."

ఇంకా మీటితే గునపం జారుతోంది. జారితే మొన మళ్ళీ వేళ్ళ మీద పడుతుంది. వదిలితే అంతే. ఎండకు పట్టా కాలిపోతోంది, గునపం కాలిపోతోంది. ఆమె చెయ్యి పట్టాల మధ్య, నా రెండు చేతులూ గునపానికి. ఇద్దరం అక్కడే అతుక్కుపోయాం.

పక్కన ఆమె అత్త చిన్నమ్మాయి గుండెలు బాదుకుంటోంది. పేరు చిన్నమ్మాయే గానీ అరవై దాటాయి.

"చెప్పానా? ఆ సందులో చెయ్యి పెట్టకే, పుల్లతో లాగవే అని చెప్పానా? ముసల్దాని మాట లెక్కుంటేగా!"

"ఇప్పుడా అత్తా తిట్టేది?" అంది వీరవేణి, పళ్ళు బిగించి.

"మామ్మా, తిట్లు తర్వాత. స్టేషనుకి పరిగెత్తు. బంగార్రాజు గారిని హ్యాండిల్ తెమ్మన్నానని చెప్పు" అన్నాను.

ఆవిడ కదల్లేదు. "నేనెల్లను బాబూ. మొన్నే పోలీసోళ్ళు నా చేట తొక్కి విరగ్గొట్టారు. మళ్ళీ కనపడితే కోర్టుకి తోలుకుపోతామన్నారు."

"చెయ్యి పోతుంది మామ్మా!"

"చెప్పకండి బాబూ" అంది వీరవేణి. "మీకు దణ్ణం పెడతాను, స్టేషన్లో చెప్పకండి. కేసు రాసేత్తారు. మీరే తీసెయ్యండి. మీకు తెలుసు కదండీ ఇయ్యన్నీ."

నాకు తెలుసు. ఆ మోటారులో ఏ పన్ను ఏ చక్రాన్ని తిప్పుతుందో తెలుసు. హ్యాండిల్ లేకుండా నా వల్ల కాదనీ తెలుసు.

"నా వల్ల కాదమ్మా" అన్నాను. ఆమె నా మొహం చూసి ఏడవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఏడవలేదు.

లూపు లైన్లోంచి ఇంజను కూత వేసింది. డ్రైవరుకు సిగ్నల్ రాలేదు కాబట్టి కదలడు. ఆ భయం లేదు. బండికి ఏ భయమూ లేకుండా అన్నీ చేసుకున్నాం. వేళ్ళ మందం అయిదు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ గనక సిగ్నల్ ఎర్రగానే ఉంది. సందులో ఏదో ఉందని యంత్రం కనిపెట్టింది. అది గింజో చెయ్యో దానికి తెలియదు.

అంతలో దగ్గర్లో ఉన్న ఇనప పెట్టెలో ఫోను మోగింది. బటన్ పనిచెయ్యడం లేదని బంగార్రాజు గారు నా కోసం చేస్తున్నారు.

"మామ్మా, ఆ పెట్టె తెరిచి ఫోను తియ్. అది చెవికి పెట్టుకో."

తీసింది. తలకిందులుగా పెట్టుకుంది. అటునుంచి వచ్చే గొంతు నా దాకా వినపడుతోంది. "ఎజ్రా గారూ, ఏంటండీ, మీ పద్నాలుగు అలిగిందా?"

"ఆయ్, నేనండి" అంది చిన్నమ్మాయి.

"ఎవరే నువ్వు? రైల్వే ఫోను ముట్టుకున్నదెవతివే? పెట్టెయ్! పోలీసుని పంపిస్తానుండు!"

ఆవిడ నిప్పు తగిలినట్టు పెట్టేసింది. నా చేతుల్లో బలం తగ్గుతోంది. గునపం కొంచెం జారింది. వీరవేణి అరిచిన అరుపుకు పట్టాల మీది కాకులు లేచిపోయాయి. మళ్ళీ ఒళ్ళు వేసి మీటాను.

ఆమె చెయ్యి అని చెబితే ఏమవుతుందో అప్పుడు నాకు కళ్ళకు కట్టినట్టు కనపడింది. ముందు పోలీసు వస్తాడు. ఎవరు, ఎందుకొచ్చారు, ఎవరు రానిచ్చారు అంటాడు. తర్వాత హ్యాండిల్ వస్తుంది.

ఫోను మళ్ళీ మోగింది.

"తియ్ మామ్మా. నేను చెప్పిందే చెప్పు. ఇంకో ముక్క వద్దు. ఎజ్రా గారి చెయ్యి పాయింటులో ఇరుక్కుపోయింది, హ్యాండిల్ తెండి అని చెప్పు."

ఆవిడ నా రెండు చేతులూ చూసింది. "మీ చెయ్యా?"

"చెప్పు మామ్మా!"

"అయ్యా, ఎజ్రా బాబుగారి చెయ్యండి, పాయింటులో ఇరుక్కుపోయిందండి, నెత్తురు కారిపోతందండి..." అని తనకు తోచింది కూడా కలిపి చెప్పేసింది.

అటునుంచి కుర్చీ పడిన చప్పుడు వినపడింది.

బంగార్రాజు గారికి షుగరు. ఆయన గబగబా నడవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు తెల్ల యూనిఫాంలో పట్టాల మధ్య కంకర మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చారు. వెనక హ్యాండిల్ పట్టుకుని పాయింట్స్‌మన్ బుల్లబ్బాయి.

"ఎజ్రా గారూ! ఎజ్రా గారూ, ఏదండీ చెయ్యి..." అంటూ వచ్చి, నా చేతులు చూసి ఆగిపోయారు. తర్వాత కిందికి చూశారు.

"ముందు తిప్పమనండి" అన్నాను.

బుల్లబ్బాయి హ్యాండిల్ పెట్టి తిప్పాడు. మొన నెమ్మదిగా వెనక్కి వెళ్ళింది. చెయ్యి వచ్చింది. వేళ్ళు వేళ్ళలా లేవు. వీరవేణి అరవలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూసింది. నేను చొక్కా విప్పి చుట్టాను. ముడి నాకు పడలేదు. చిన్నమ్మాయి వేసింది ముడి.

బంగార్రాజు గారు కంకర మీదే కూలబడ్డారు. "ఎంత పని చేశారండీ! బయల్దేరే ముందే ఉద్యోగి చెయ్యి అని కంట్రోలు ఆఫీసుకి చెప్పేశాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఎక్స్‌ప్రెస్ ఆపించాను. మన దగ్గర ఆగని బండండీ అది! ఒకటో ప్లాట్‌ఫాం మీదికి వచ్చేస్తోంది. సామర్లకోటలో కారు పెడతామన్నారు, కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి. ఇప్పుడు ఏమని చెప్పను?"

"ఈవిడ చెయ్యి అని చెబితే మీరు వచ్చేవారా?"

"ఏం మాటలండీ అవి? మనిషిని కానా నేను?" అన్నారు కోపంగా. మొహం తుడుచుకున్నారు. "వచ్చేవాణ్ణి. పోలీసుకి ఫోను చేసి వచ్చేవాణ్ణి."

దూరంగా ఎక్స్‌ప్రెస్ వేగం తగ్గుతున్న చప్పుడు వినిపించింది.

"పదండి" అంటూ ఆయనే ముందు లేచారు. "మీ మీదా నా మీదా ఎటూ పడుద్ది. బండి ఆగాక దాన్ని ఖాళీగా ఎందుకు పంపడం?"

వీరవేణిని చెరోవైపు పట్టుకుని ప్లాట్‌ఫాం మీదికి తెచ్చాం. ఆఖరి పెట్టె తలుపు దగ్గర గార్డు నిలబడి చూస్తున్నాడు. కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. మెట్టు దగ్గర ఆమె కాళ్ళు బిగపెట్టేసింది.

"ఎక్కను బాబూ. టిక్కెట్టు లేదండి."

"నీ టిక్కెట్టు నేను చూసుకుంటానెక్కవే తల్లీ!" అన్నారు బంగార్రాజు గారు.

ఎక్కించాం. నేనూ ఎక్కాను. చిన్నమ్మాయి ప్లాట్‌ఫాం మీదే నిలబడిపోయింది. బంగార్రాజు గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నారు, ఆవిడ వినడం లేదు.

గార్డు పెద్దవాడు, కళ్ళజోడు. నా బనీను చూశాడు, నెత్తుటి చొక్కా చూశాడు. "ఉద్యోగికి దెబ్బ తగిలిందన్నారు. ఎవరండీ ఉద్యోగి? లేటు ఎవరి పేర రాసుకోను?"

నేనేనని అంటే ఆమెకు సామర్లకోటలో కారు ఉంటుందా? ఆమె అని చెబితే అక్కడ దిగీ దిగగానే పోలీసు ఉంటాడా? ఇటు చెప్పినా అటు చెప్పినా ఆ చేతికి ఆలస్యమే. ఆస్పత్రిదాకా ఏ మాట అయితే వేగంగా చేరుస్తుందో వెతుక్కుంటున్నాను.

"నాదేనండి" అంది వీరవేణి. "వీరవేణి అని రాసుకోండి. ఆయన చేతులు రెండూ కనపడుతున్నాయి కదండీ, ఎవరు నమ్ముతారు?"

గార్డు మా ఇద్దరినీ చూశాడు. ఏమీ రాసుకోలేదు. తలుపు దగ్గరికెళ్ళి పచ్చజెండా ఊపాడు. బండి కదిలింది. తిరిగొచ్చి తన నీళ్ళసీసా తీసి ఆమె నోటికి అందించాడు. "సామర్లకోటలో కారు డ్రైవరుతో నేను మాట్లాడతాను" అన్నాడు నాతో. "ఆ తర్వాత సంగతి మీరు చూసుకోవాలి."

సామర్లకోట దాకా బండి ఎక్కడా ఆగదు. వీరవేణి గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టిన చొక్కాను ఎడమ చేత్తో పైకి పట్టుకుంది.

"ఉంటాదా బాబూ చెయ్యి?"

పాయింటు గురించైతే చెప్పగలను. "కదిలించి చూడమ్మా" అన్నాను.

గుడ్డ లోపల చూపుడువేలు ఉన్న చోట చిన్నగా కదలిక కనపడింది. మిగతా చోట కదలలేదు.

"మళ్ళీ చూడు" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ ప్రయత్నించింది. నేను ఆ గుడ్డనే చూస్తూ కూర్చున్నాను.