ఎడమచేతి గాటు

గౌడవెల్లి ఊరి చివర కృపమ్మ ఇంట్లో, స్నానాల గది రేకుల మీద ఆ ఏడు ఒకే ఒక్క గుమ్మడికాయ మిగిలింది. తీగను పెట్టింది ఆమె భర్త యేసయ్య. మృగశిర కార్తెలో తొలి వాన పడగానే నాలుగు గింజలు మట్టిలో గుచ్చాడు. తీగ రేకుల మీదికి ఎక్కకముందే అతనికి పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. తీగకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది తన మానాన తను పాకింది. బతుకమ్మ రోజుల్లో పక్కింటి సుక్కమ్మ ఆకులూ పువ్వులూ కోసుకుపోయింది. పిందెల్లో సగం ముసురుకు మురిగిపోయాయి. ఈ ఒక్క కాయ మాత్రం మొండిగా నిలబడి అయిదారు కిలోల బరువుకు వచ్చింది. దసరా వెళ్లి తెల్లవారుజామున సన్నటి చలి మొదలయ్యేసరికి తొడిమ ఎండి, కాయ కోతకు సిద్ధమైంది.

కాయ సిద్ధమైంది గానీ కోసే ఓపిక ఇంట్లో ఎవరికుంది? నాలుగు నెలలుగా కృపమ్మ కంటినిండా నిద్రపోయింది లేదు. మొగుణ్ణి పక్కకు తిప్పాలి, కడగాలి, బట్టలు మార్చాలి, అన్నం కలిపి నోట్లో పెట్టాలి. యేసయ్య సన్నటి మనిషే, కానీ కదలని మనిషి బరువు వేరు. ఒకసారి లేపి కూర్చోబెడితే ఆమె నడుము ఒక పూటంతా సలుపుతుంది. కూతురు క్రిస్టీనా మేడ్చల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి స్కూటీ మీద పోయి రాత్రి ఏడింటికి వస్తుంది. ఆ పిల్ల వచ్చి అంట్లు తోమితే అదే పదివేలు.

బాధంతా ఏమిటంటే, యేసయ్య ఎడమచేయి బంగారంలా ఉంది. ఆసుపత్రి డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. ఎడమచేత్తో తినాలి, ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేవాలి, ఇలాగే గోడకు తిరిగి పడుకుంటే ఇంకో రెండు నెలల్లో ఉన్న సత్తువ కూడా పోతుంది, ఇక ఈ జన్మకు మంచమే గతి అని. యేసయ్య వినలేదు. శామీర్‌పేట చెరువు పక్కన ఒక తోట బంగ్లాలో ఇరవై రెండేళ్లు వంట చేసిన మనిషి అతను. ఎవరైనా ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు అందిస్తేనే కసురుకునేవాడు. కడుక్కునే చేయి అన్నానికి తాకిస్తాడా? చెంచా ఇస్తే విసిరికొట్టాడు. పెళ్లాం నోట్లో పెడితే తినడానికి మాత్రం అతనికి సిగ్గు లేదు, మగవాళ్ల సిగ్గులు అలాగే ఉంటాయి.

ఆ శనివారం పొద్దున ఒక మాట జారింది. పనికి బయల్దేరుతున్న క్రిస్టీనా, రేపు చర్చిలో కోత పండుగకు నువ్వు రావా అని తల్లిని అడిగింది. అడిగిన పాపానికి కృపమ్మ గుండెలో నాలుగు నెలల నుంచి కూరుకున్నదంతా బయటపడింది.

"నాతోని అయితలేదు బిడ్డా," అంది. "నడుము ఇరిగిపోతాంది. దేవుడు నన్నన్న తీస్కపోవాలె, ఆయననన్న తీస్కపోవాలె."

అంతలో లోపల మంచం కిర్రుమంది. రెండు గదుల రేకుల ఇల్లు, మాటకు దాక్కునే చోటు ఎక్కడుంది? క్రిస్టీనా తలదించుకుని స్కూటీ తీసింది. కృపమ్మ లోపలికి పోయి చూస్తే యేసయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. మధ్యాహ్నం జావ పట్టుకుపోతే నోరు తెరవలేదు. రెండింటికి క్రిస్టీనా ఫోన్ చేసి నాయిన తిన్నడా అని అడిగితే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేమన్లేదు బిడ్డా, ఊకనే తింటలేడు అని కృపమ్మ అడగని దానికి కూడా జవాబు చెప్పింది.

అన్న మాట అబద్ధమైతే ఆమెకు అంత బాధ ఉండేది కాదు. అది నిజమే. నిజంగానే ఆమెతో కావడం లేదు. కానీ ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషికి చావు కోరుకుంది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు. వంట చేయడం చేతనవును. అందుకని రేకుల మీది కాయ కోసుకొచ్చింది.

ఏటా కోత పండుగ ముందురోజు యేసయ్య ఆ ఇంట్లో ఒకే ఒక్క వంట చేసేవాడు. నిండు గుమ్మడికాయ గుజ్జు తోడి, లోపల ఖీమా అన్నం కూరి, పెద్ద గంజులో పెట్టి ఆవిరి మీద ఉడికించేవాడు. బంగ్లాలో ఎవరో అతిథి చెప్తే నేర్చుకుని, దానికి తన మసాలా తను కలిపాడు. ఉల్లిగడ్డలు తరగడం, నువ్వులు వేయించి దంచడం, పొయ్యి ఊదడం కృపమ్మ వంతు. కాయలో ఖీమా కూరే ముందు మాత్రం అతను ఆమెను కట్టెలు తెమ్మని బయటికి పంపేవాడు. ఆ అయిదు నిమిషాల్లో ఏం చేసేవాడో ఆమెకు ఈనాటికీ తెలియదు. వంటవాళ్ల గుట్లు పెళ్లాలకు కూడా అందవు.

మంచం దగ్గరికి పోయి, ఈసారి నేను చేస్తున్న, లోపట ఏం పెడతవో చెప్పు అని అడిగింది. యేసయ్య గోడనే చూశాడు.

అది సరే, అసలు చిక్కు ఇంకొకటి ఉంది. నిండు గుమ్మడికాయ మీద ఆడది మొదటి కత్తి పెట్టకూడదు. అది కన్నకొడుకును నరికినంత పాపమని కృపమ్మకు ఆమె అవ్వ చెప్పింది. మగవాడు ఒక్క గాటు పెడితే చాలు, ఆ తర్వాత ఆడది దాన్ని ఎన్ని ముక్కలు చేసినా పాపం అంటదట. ముప్ఫై ఏళ్ల కింద కృపమ్మ బాప్తిస్మం తీసుకున్నప్పుడు బొట్టు వదిలింది, తాయెత్తు వదిలింది, మంగళవారం పట్టింపు వదిలింది. గుమ్మడికాయను మాత్రం వదల్లేదు. పాస్టరుగారు నవ్వేవాడు, యేసయ్య మరీ నవ్వేవాడు. నవ్వుతూనే ప్రతి ఏడూ ఆ గాటు తనే పెట్టేవాడు.

ఇప్పుడు ఎవరు పెట్టాలి? కృపమ్మ వాకిట్లో పిట్టగోడ దగ్గరికి పోయి పక్కింటి సుక్కమ్మను పిలిచింది. మంచానికి ఆరడుగుల దూరంలో కిటికీ తెరిచి ఉందన్న సంగతి ఆమె అలసిన బుర్రకు తట్టలేదు.

"సుక్కక్కా, బక్కన్నను జర పంపుతవా? గుమ్మడికాయకు గాటు పెట్టాలె. మా ఇంట్ల కోసేటోడు లేకపాయె."

తన భర్త బక్కయ్య పొలం నుంచి ఇంకా రాలేదని, రాగానే పంపుతానని సుక్కమ్మ చెప్పింది.

కృపమ్మ ఖీమా కడిగి, అల్లం ఎల్లిగడ్డ నూరి వేయించింది. పుదీనా, నువ్వుల పొడి, ఎండుకొబ్బరి వేసింది. సగం ఉడికిన అన్నం అందులో కలిపి మూతపెట్టింది. నాలుగు నెలలుగా గుడ్డ చుట్టి గూట్లో పెట్టిన యేసయ్య పెద్ద కత్తిని తీసి, వంటింటి గడప దగ్గర గుమ్మడికాయ పక్కన పెట్టింది. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి వెలిగించడానికి కట్టెలు పేర్చింది. ఇక బక్కయ్య రావడమే తరువాయి. అంతవరకు నడుము వాలుద్దామని వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చోవడమే ఆమెకు తెలుసు. నిద్ర ఎప్పుడు వచ్చి మీద పడిందో తెలియదు.

ఏదో బరువుగా నేలకు తాకిన చప్పుడుకు మెలకువ వచ్చింది. కిటికీలో వెలుతురు ఎర్రబడింది. గడపలో యేసయ్య ఉన్నాడు. మంచం మీద కాదు, గడపలో. ఎలా దిగాడో, అంత దూరం ఎలా పాకాడో ఆ ప్రభువుకే తెలియాలి. లుంగీ మోకాళ్ల దాకా మట్టి, మోచేయి గీసుకుపోయి రక్తం ఊరింది. గుమ్మడికాయను గడపకూ తన తొడకూ మధ్య ఇరికించి, ఎడమచేత్తో కత్తి పిడి పట్టుకుని, దాని మీద రొమ్ము ఆనించి బరువంతా వేస్తున్నాడు. తొడిమ పక్కన జానెడు గాటు పడింది. పిల్లవాడు గీసిన గీతలా వంకరటింకరగా ఉంది.

కృపమ్మకు ముందు వచ్చింది కోపమే. ఏడుపు దాని వెనక వచ్చింది.

"ఏం పని జేసినవయ్యా? కింద పడితే లేపుటానికి నాకు సత్తువ ఉన్నదా?"

యేసయ్య రొప్పుతున్నాడు. పక్షవాతం వచ్చాక అతని మాట ముద్దముద్దగా వస్తుంది, అందుకే మాట్లాడటం కూడా మానేశాడు. కత్తి వదిలి, వేళ్లు చాచుకుని, ఒక్కొక్క మాటా కూడదీసుకున్నాడు.

"కోసేటోడు... ఉన్నడు."

పొద్దుటి మాట విన్నవాడు మధ్యాహ్నపు మాట వినడా? రెండూ విన్నాడు. ఆమె వంగి అతని మోచేతి రక్తం కొంగుతో తుడిచింది. ఎడమచేతి గాటు లెక్కకు వస్తుందా రాదా అని ఒక్క క్షణం అవ్వ మాట గుర్తొచ్చింది గానీ, ఆ ముసలమ్మ ఇప్పుడొచ్చి అడుగుతుందా అనుకుని కత్తి అందుకుంది.

మిగతా కోత ఆమే కోసింది. గాటు వంకర కాబట్టి మూత కూడా వంకరగానే వచ్చింది. గింజలు, పీచు తోడేసి ఖీమా కూరబోతుంటే యేసయ్య ఎడమచేయి ఎత్తి ఆపాడు.

"ఆగు. చింతపండు... పులుసు. ఉప్పు కలిపి... లోపట రుద్దు."

ఇదా ఇన్నేళ్లు కట్టెల కోసం వాకిట్లోకి తరిమిన గుట్టు అని ఆమె అడిగింది. కాయ తీపి ఖీమాను మింగేయకుండా పులుపు ఆపుతుందని అతను అయిదారు ముక్కల్లో చెప్పాడు. నాలుగు నెలల్లో అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. చెప్తూ చెప్తూ గోడ ఆసరాగా కొద్దిగా నిటారుగా కూర్చున్నాడు. ఆమె లేపలేదు.

కాయను గంజులో పెట్టి పొయ్యి మీదికి ఎక్కించాక బక్కయ్య భుజం మీద తువ్వాలుతో వచ్చి, కాయ ఏదని అడిగాడు. పొయ్యినీ, గడపలో కూర్చున్న యేసయ్యనూ మార్చి మార్చి చూశాడు. ఏమీ అడగకుండా యేసయ్య పక్కన కాసేపు కూర్చుని, వానలు ఈసారి వరిని ముంచాయని చెప్పి, కృపమ్మతో కలిసి అతణ్ణి మంచం మీదికి చేర్చి వెళ్లిపోయాడు. మంచి మనిషి బక్కయ్య, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలుసు.

క్రిస్టీనా వచ్చేసరికి ఇల్లంతా పుదీనా వాసన. మూత వంకర కావడంతో ఒక పక్క నుంచి రసం కారి కాయ కొంచెం విచ్చుకుంది. దించి నాలుగు బద్దలుగా కోస్తే పసుపుపచ్చటి కండ వెన్నలా విడిపోయింది. కృపమ్మ ఎప్పటిలాగే యేసయ్య పళ్లెంలో ఒక బద్ద వేసుకుని, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ముద్ద కలపబోయింది. పొద్దుట్నుంచి ఆమె ఒక్క మెతుకు తినలేదు.

యేసయ్య ఎడమచేయి చాపి పళ్లెం తన ఒళ్లోకి లాక్కున్నాడు. క్రిస్టీనా గబగబా చెంచా తెచ్చింది. వద్దని తల ఊపాడు. గుమ్మడి కండ, ఖీమా అన్నం ఎడమచేతి వేళ్లతో కలపడానికి చాలాసేపు పట్టింది. సగం పళ్లెంలోనే రాలింది. ఎట్టకేలకు ఒక ముద్ద కుదిరింది. తింటాడని తల్లీకూతుళ్లు చూస్తున్నారు. అతను దాన్ని నోటి దాకా తీసుకుపోలేదు. కృపమ్మ ముఖం ముందుకు చాపాడు.

"పొద్దున అంటివి గదా... అయితలేదని," అన్నాడు. "ముందుగాల నువ్వు తిను."

ఎడమచేత్తో పెట్టిన ముద్ద కృపమ్మ పుట్టి బుద్ధెరిగాక తినలేదు. ఎవరూ తినరు, ఎవరూ పెట్టరు. అది పెట్టేవాడికి ఆ సంగతి ఆమె కంటే ఎక్కువ తెలుసు. ఆమె నోరు తెరిచింది. కళ్లనీళ్లు చెంపల మీదుగా దిగి ముద్దలో కలిశాయి. యేసయ్య ఆమె ముఖాన్ని ఒక వంటవాడు చూసే చూపుతో చూస్తున్నాడు.

"ఉప్పు?" అని అడిగాడు.

"సరిపోయింది," అంది కృపమ్మ. నాలుగు నెలల తర్వాత స్టూలు మీద తీరిగ్గా గోడకు వాలి కూర్చుంది. "ఇంకో ముద్ద పెట్టు."