అద్దపు కొల్లేరు గట్టున

మా బావమరిది రూబెన్ మేడమీద గదిలో రైలు కట్టడం మొదలుపెట్టిన రోజున మా ఆవిడ ఎలిజబెత్ పొయ్యి ముందే నిలబడి కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది.

"ఏదో ఒక పనిలో పడ్డాడండీ, అదే పదివేలు" అంది.

నేనూ అలాగే అనుకున్నాను. రూబెన్ గూడ్సుబండి డ్రైవరు. ఆ ఏడు, అంటే రెండువేల మూడులో, వానాకాలం చివర్లో, మండవల్లి అవతల కొల్లేరు పక్కన అతని బండి కింద ఒక మనిషి పడ్డాడు. తప్పు అతనిది కాదని విచారణలో తేల్చారు. మళ్ళీ డ్యూటీకి రమ్మన్నారు. వెళ్ళాడు. ఇంజను మెట్టు మీద కాలు పెట్టి, తీసేసి, తిన్నగా తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చేశాడు.

ఏలూరు తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పారు. "ఒంటరిగా వదలకండి. పట్టాల వైపు అసలు పోనివ్వకండి."

మా పెరటి గోడ దాటితే చిన్న కాలవ. కాలవ దాటితే పట్టాలు. ఇరవయ్యేళ్ళుగా ఆ బండ్ల చప్పుడులోనే నిద్రపోయిన వాణ్ణి, డాక్టరుగారి మాట విన్నాక ఒక్క బండి కూత వినిపించినా మెట్లెక్కి చూసి వచ్చేవాణ్ణి, రూబెన్ గదిలో ఉన్నాడా లేడా అని. ప్రార్థన చేసుకుంటే భయం పోవాలి కదా. పూటపూటా చేసుకుంటున్నాను. మరి నా భయం ఎందుకు పోవడం లేదో నాకు తెలిసేది కాదు.

రూబెన్ చేతుల్లో మాత్రం మంచి పనితనం ఉంది. హైదరాబాదులో ఉన్న స్నేహితుడు కరెంటుతో నడిచే బొమ్మరైలు, దాని పట్టాలు, నడిపే మీట పంపించాడు. రూబెన్ రెండు ప్లైవుడ్ చెక్కలు కలిపి బల్లలా చేశాడు. థర్మోకోల్‌తో గట్లు చెక్కాడు. రంపప్పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి వరిచేలు పరిచాడు. చీపురుపుల్లలతో తాడిచెట్లు, కొబ్బరిపీచుతో జమ్ముగడ్డి. పాత బీరువా అద్దం ఊడదీసి చెక్క మధ్యలో పొదిగి దాన్ని కొల్లేరు అన్నాడు. చేపల చెరువుల గట్లు కూడా వేశాడు. అద్దం అవతల, పట్టాలు వంపు తిరిగే చోట, రెండు చిన్న రాతి స్తంభాలు పెట్టాడు. కాపలా లేని గేటు అది.

ఇదంతా మాకు ముచ్చటగానే ఉండేది. కానీ ఒక సంగతి నన్ను లోపల తొలిచేది. బల్ల చుట్టూ తిరగాల్సిన బండి ఒక్కసారి కూడా చుట్టు పూర్తిచేసేది కాదు. గేటు ముందుకి వచ్చేసరికి రూబెన్ మీట వెనక్కి తిప్పేవాడు. బండి ఆగేది. మళ్ళీ వెనక్కి నడిపేవాడు. మళ్ళీ వచ్చేది, మళ్ళీ ఆగేది.

"పూర్తిగా తిప్పవేం రూబెన్?" అని ఒకసారి అడిగాను.

"గట్టు జిగురు ఇంకా ఆరలేదండీ బావగారూ" అన్నాడు. జిగురు ఆరిపోయి చాలా రోజులైంది.

మా సంఘంలో ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకున్నా, బండి కొనుక్కున్నా, చివరికి కుట్టుమిషను తెచ్చుకున్నా పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించి మొదలుపెట్టడం అలవాటు. రైలుకి కూడా చేయిస్తే అతని గుండె కుదుటపడుతుందేమో అనిపించింది. ఎలిజబెత్‌కి చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుని సరే అంది. రూబెన్ వద్దనలేదు. ఔననలేదు కూడా.

ఆదివారం సాయంత్రం అయ్యగారు వచ్చారు. ఆయనతో పాటు మా సంఘంలో పెద్దావిడ అచ్చాయమ్మగారు కూడా మెట్లెక్కి వచ్చింది.

"మా మనవడి ఆటోకి చేయించాం, గేదెకి చేయించాం" అంది ఆవిడ ఆయాసం తీర్చుకుంటూ. "గేదె ఈసారి పెయ్యదూడనే వేసింది. మరి నీ రైలు ఏం వేస్తుందయ్యా?"

"ఏమీ వెయ్యదండీ పిన్నిగారూ. కూత కూడా వెయ్యదు" అన్నాడు రూబెన్. అతను నవ్వడం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఒక్క చుట్టు తిప్పు బాబూ, చూసి ప్రార్థన చేసుకుందాం" అన్నారు అయ్యగారు.

రూబెన్ నా వైపు చూశాడు. తిప్పమన్నట్టు తల ఊపాను. అతను మీట తిప్పాడు. బండి చేల పక్కనుంచి, తాడిచెట్ల వెనకనుంచి, అద్దం ఒడ్డునే వస్తోంది. దాని నీడ అద్దంలో దానితో పాటు వస్తోంది. గేటు వైపు, బల్లని ఆనుకుని అచ్చాయమ్మగారు నాకు అడ్డంగా నిలబడి ఉంది. బండి దగ్గరికి వస్తుంటే భయపడి పక్కకి జరిగింది. అప్పుడు కనిపించింది నాకు. రాతి స్తంభాల మధ్య, పట్టాని ఆనుకుని, చేతిలో కర్రతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

అది మా క్రిస్మస్ పాకలో పెట్టే మట్టిబొమ్మ. గొర్రెల కాపరి. ఎలిజబెత్ పొద్దున గది ఊడుస్తూ, గేటు దగ్గర బోసిగా ఉందని అటక మీది పెట్టెలోంచి తీసి పెట్టిందట.

రూబెన్ చెయ్యి మీట మీదే ఉంది. ఆ చెయ్యి కదల్లేదు. బండి బొమ్మకి తగిలింది. కాపరి అద్దం మీద బోర్లా పడ్డాడు. కర్ర విరిగి దొర్లింది.

"అయ్యో, పడిపోయాడే పాపం!" అని నవ్వింది అచ్చాయమ్మగారు.

రూబెన్ బండి ఆపాడు. మొహం సున్నంలా ఉంది. అయ్యగారు అది గమనించకుండానే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మేమంతా తలలు వంచాం. ఆయన ప్రార్థన ఎప్పుడూ పెద్దదే. మధ్యలో నాకు మెట్ల మీద అడుగులు వినిపించాయి. ప్రార్థనలో ఉండగా కళ్ళు తెరవకూడదని చిన్నప్పటినుంచీ అలవాటు. తెరవలేదు. పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు కూడా విన్నాను. అప్పుడూ తెరవలేదు.

ఆమెన్ అని చూసేసరికి రూబెన్ లేడు.

చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తాను. వెనక నుంచి ఎలిజబెత్ "తమ్ముడూ!" అని పిలిచిన పిలుపు ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు. పెరటి తలుపు తీసి ఉంది. కాలవ మీది తాటిమొద్దు దాటి గట్టెక్కాను. పొద్దు గుంకుతోంది. నిడదవోలు వైపు నుంచి బండి వెలుగు కనిపించింది.

కాస్త దూరంలో, తూము పక్కన, పట్టాకి నాలుగడుగుల్లో రూబెన్ నిలబడి ఉన్నాడు. ఎదురొస్తున్న బండినే చూస్తున్నాడు. పిలవబోయి ఆగాను. పిలిస్తే ఉలిక్కిపడి ముందుకే అడుగు వేస్తాడేమో. పిలవకపోతే? దేవుడి పేరైనా సరిగా పలికానో లేదో తెలియదు. కంకర మీద పరిగెత్తుతున్నాను గాని అతను దగ్గర కావడం లేదు.

బండి గట్టిగా కూత వేసింది. ఆ కూత ఆగకుండా వచ్చి మా మీద నుంచి పోయింది. గాలికి కళ్ళు మూసుకుపోయాయి. ఈసారి వెంటనే తెరిచాను.

రూబెన్ తూము మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు. వెళ్ళి గట్టిగా పట్టుకున్నాను.

"బాతులు తోలుకుంటూ ముసలాయన వచ్చాడండీ బావగారూ" అన్నాడు. "బాతులన్నీ దాటేశాయి. ఆయనా దాటేశాడు. ఒక్క బాతు వెనకబడింది. కర్ర పట్టుకుని దానికోసం వెనక్కి వచ్చాడు. నేను కూత వేశానని విచారణ కాగితంలో రాశారు. నాకు మాత్రం గుర్తులేదు. ఆ క్షణం తలుచుకుంటే చెవిలో ఏమీ వినపడదు. వేశానంటారా?"

నేనక్కడ లేను. ఒక్క బాతు కోసం వెనక్కి వచ్చిన మనిషిని దేవుడు ఎందుకు ఆపలేదని అడగాలనిపించింది గాని, ఎవరిని అడగను?

"వేసే ఉంటావయ్యా. కానీ నేను చూడలేదు" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

అతను నా మొహంలోకి చూశాడు. "అందరూ వేశావనే అంటారు. మీరొక్కరే చూడలేదన్నారు" అన్నాడు. లేచి నా చెయ్యి పట్టుకుని తాటిమొద్దు దాటాడు. పెరట్లో ఎలిజబెత్ అతని భుజాలు తడిమి తడిమి చూసుకుంది.

మర్నాడు పొద్దున మేడమీదికి పిలిచాడు. కాపరికి కర్ర జిగురుతో అతికించి ఉంది. గేటుకి ఇవతల, పట్టాలకి జానెడు దూరంలో నిలబెట్టాడు. చుట్టూ సుద్దముక్కలతో చేసిన బాతులు.

"బావగారూ, మీరు తిప్పండి."

"నేనా? నాకు చేతకాదయ్యా."

"ఫర్వాలేదండీ. నేనిక్కడే ఉంటాను."

మీట తిప్పాను. బండి చేలు దాటింది, తాడిచెట్లు దాటింది. గేటు దగ్గర పడుతుంటే నా నోటి వెంట అనుకోకుండానే కూ... అని కూత వచ్చింది. సరిగ్గా అప్పుడే పెరటి వెనక నిజం బండి కూత వేసింది. నా చెయ్యి దానంతట అదే మీట వెనక్కి తిప్పేసింది. బండి కాపరికి ఎదురుగా ఆగిపోయింది.

"ఆపక్కర్లేదండీ" అన్నాడు రూబెన్. అతని చూపు కిటికీ అవతలి పట్టాల వైపు పోలేదు. బొమ్మ మీదే ఉంది. "ఆయన దూరంగానే ఉన్నాడు. పోనివ్వండి."

మీట మళ్ళీ తిప్పాను. ఈసారి కళ్ళు తెరిచే ఉంచి లోలోపల ప్రార్థన చేసుకున్నాను.