సుంకులమ్మ గోడ, సర్కారు గీత

నేను ఒక రేడియేషన్ మీటరును. ఇటుకంత ఇనుప పెట్టె, పైన పిడి, ముందర అంకెల మీద ఆడే ముల్లు, పక్కన వైరుకు వేలాడే గొట్టం. రాయిలో యురేనియం ఉంటే టిక్కుటిక్కుమంటాను. ఎక్కువుంటే గలగలమంటాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

నేను మొదటిసారి పనిలోకి దిగింది ఎర్రకోన కొండమీద. ఆ కొండ సర్కారు అడవి. అక్కడ నేను గలగలమన్న రోజున ఆఫీసర్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు, మిఠాయి పంచారు, నా నెత్తిన కుంకుమబొట్టు పెట్టారు. గని తవ్వారు. పద్నాలుగేళ్లు తవ్వాక, రాయిలో సరుకు పలచబడిందని ఒక సోమవారం ఆఫీసుకు తాళం వేసి వెళ్లిపోయారు. సొరంగాలు నోళ్లు తెరుచుకుని ఉండిపోయాయి. పనికిరాని రాయి కొండవాలున గుట్టగా మిగిలింది. నన్ను గోదాములో పడేశారు.

ముప్పై ఏళ్లకు నామీది దుమ్ము దులిపినవాడు ఓబులేసు. పాత గనిని శుభ్రం చేసే పనికి వచ్చిన టెక్నీషియను. నలభై దాటిన నెమ్మదస్తుడు. బ్యాటరీలు మార్చి, ముల్లు సరిచేసి నన్ను మళ్లీ అదే కొండ ఎక్కించాడు. సొరంగాలకు కాంక్రీటు మూతలు వేస్తున్నారు. రాళ్లగుట్టను చదునుచేసి, బంకమట్టి కప్పి, పైన గడ్డివిత్తనాలు చల్లుతున్నారు. ఈసారి నేను గలగలమంటే ఎవరూ మిఠాయి పంచలేదు. "దాని గోల కాస్త తగ్గించవయ్యా" అన్నాడు ప్రాజెక్టు ఇంజనీరు విశ్వంభరరావు.

అడవి హద్దురాయికి ఇవతల, వంద అడుగుల దూరంలో, సుంకులమ్మ ఇల్లు. గొర్రెలు మేపుకునే ఒంటరి ముసలామె. భర్త ఆ గనిలోనే పనిచేసి, దగ్గి దగ్గి నలభై నిండకముందే పోయాడు. ఒకరోజు ఓబులేసు మంచినీళ్లకు ఆగితే ఆమె నావంక చూసింది.

"అది రాయిని జూసి అరుస్తాదంట గదా నాయనా? నా గోడ గూడా రవ్వంత సూడు. గని రాళ్లు ఊరికే తీస్కపొమ్మంటే మా ఆయప్ప మోసుకొచ్చి కట్నాడు."

ఓబులేసు నా గొట్టాన్ని ఆమె మంచం పక్క గోడకు ఆనించాడు. నా ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది.

"ఏమంటాంది?"

అతను గొట్టాన్ని గోడమీంచి వెనక్కి తీశాడు. "ఈ గోడ పక్కన పండుకోవద్దమ్మా" అన్నాడు.

"పండుకోబట్టి ముప్పై ఐదేండ్లాయ నాయనా."

ఆ సాయంత్రం ఓబులేసు రాసిన అంకెను విశ్వంభరరావు ఎర్రసిరాతో కొట్టేశాడు. "మన పని సర్కారు భూమి వరకే. ఆ ఇల్లున్నది పట్టా భూమి. గీత దాటి కొలవమని నీకెవరు చెప్పారు?"

"రాయి అదే కదా సార్."

"రాయి అదే. భూమి వేరు."

మర్నాడు ఓబులేసు తలవంచుకుని ఆ సంగతి చెప్పాడు. సుంకులమ్మ హద్దురాయి వైపు చూసింది.

"అంటే, ఇవే రాళ్లు ఆ గీతకవతలుంటే పూడుస్తారు. ఇవతలుంటే పూడ్చరు. అంతేనా?"

"అంతేనమ్మా."

ఆమె లేచి గడ్డపార తీసింది.

పదకొండు రోజులు పట్టింది. ఒక్కో రాయి పెకలించి, గంపలో పెట్టుకుని, హద్దు దాటి గుట్ట పక్కన దించేది. ఓబులేసు తన గ్లవుసులూ మాస్కూ ఆమెకిచ్చాడు. ఆదివారం తనూ మోశాడు. చివరికి ఒక్క గోడ మిగిలింది. అక్కడి మట్టిపూతలో భర్త వేళ్ల గుర్తులున్నాయి. ఆ గుర్తుల్లో తన వేళ్లు పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత గడ్డపార ఎత్తింది.

పన్నెండో రోజు విశ్వంభరరావు ఆ కుప్ప చూసి మండిపడ్డాడు. "సర్కారు భూమిలో చెత్త పోస్తావా? కేసు పెడతాను."

"పెట్టు సామీ. రాళ్లు మీవే. మీవి మీకు తెచ్చిచ్చినా. దానికే కేసయితే పెట్టు."

పైఅధికారుల తనిఖీ రెండు రోజుల్లో ఉంది. కేసుకు తీరికలేక బుల్డోజరు తెప్పించి ఆ కుప్పను గుట్టలో కలిపి మట్టి కప్పించాడు. గీత దాటినందుకు ఓబులేసును బదిలీ చేయించాడు.

వెళ్లేముందు ఓబులేసు నన్ను సుంకులమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. నాలుగు కర్రలమీద టార్పాలిను కట్టుకుని, పక్కన మంచం వేసుకుంది. నా గొట్టాన్ని ఆ మంచం చుట్టూ తిప్పాడు. ఏ నేలమీదైనా వినిపించేటట్టే ఆగి ఆగి ఒక టిక్కు, మరొక టిక్కు.

"ఇప్పుడేమంటాంది?"

"ఏం భయంలేదంటాందమ్మా."

ఇల్లు పడగొట్టిన పదకొండు రోజుల్లోనూ ఏడవని మనిషి, ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తనిఖీ రోజున నేను జీపు వెనకసీట్లో ఉన్నాను. "లోపమున్నది. రీడింగులు నమ్మరాదు" అని నా పిడికి అట్టముక్క కట్టారు. తుక్కు గోదాముకు నా ప్రయాణం. ముందుసీట్లో పెద్ద అధికారి పచ్చగా మొలిచిన గడ్డిని మెచ్చుకుంటూ ఫైలు తిరగేశాడు.

"హద్దు పక్కన ఇళ్లేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు సార్" అన్నాడు విశ్వంభరరావు.

అధికారి సంతకం పెట్టాడు. జీపు కదిలాక కిటికీలోంచి చూసి, "మరి ఆ టార్పాలిను?" అన్నాడు.

"గొర్రెలవాళ్లు సార్. ఇవాళ ఉంటారు, రేపు పోతారు."