మట్టికి కప్పిన రగ్గు

పాత పెట్రోలు బంకులో డీజిలు ఇంకిన మట్టిని కరెంటుతో వేడిచేసి శుభ్రం చేయడం మా ఆయన ఉద్యోగం. ఆ మట్టి మీద కప్పడానికి, కప్పేవి చాలలేదంటూ, ఇంట్లో ఉన్న ఒక్క మంచి రగ్గునీ పట్టుకుపోయాడు మహానుభావుడు.

"మట్టికి రగ్గేమిటండీ?" అని నిలదీశాను.

"కప్పకపోతే వేడంతా గాల్లో కలిసిపోతుందే! కప్పి ఉంచితే కరెంటు ఆపేసినా లోపల సెగ తగ్గదు. డీజిలంతా ఆవిరై మట్టిలో దింపిన గొట్టాల్లోకి వచ్చేస్తుంది" అన్నాడు గొప్పగా.

వారం రోజులు చలికి వణికానే గానీ పల్లెత్తు మాట అనలేదు. చివరికి రగ్గు ఇంటికొచ్చింది, డీజిలు కంపు కొడుతూ.

"నీ కోపం చల్లారినట్టుందే!" అన్నాడు మురిసిపోతూ.

"ఎలా చల్లారుతుందండీ? ఇన్నాళ్లూ మూత పెట్టే ఉంచానుగా!"