కార్తీక సోమవారం, మూడో చెరువు

పాపారావు ఉద్యోగం ఊడిపోవాలని నాలుగు నెలలు కోరుకున్నాను. శివుడికి దీపం పెట్టినప్పుడూ అదే కోరిక. దేవుణ్ణి ఇలాంటివి అడగకూడదని నాకూ తెలుసు. అయినా అడిగాను, రోజూ అడిగాను.

దరియాలతిప్ప దాటాక అమ్మిరాజుగారి రొయ్యల చెరువులు ఎనిమిది ఉన్నాయి. పాపారావు వాటికి మేనేజరు. నేను గట్టు మీది గదిలో కూర్చుని చెరువు నీళ్ళు పరీక్ష చేస్తాను. పోయిన పంటలో ఐదో చెరువుకి జబ్బు తగులుతోందని రెండుసార్లు చెప్పాను, అతను చెవిన పెట్టలేదు. చెరువు మొత్తం పోయాక పనివాళ్ళందరి ఎదుటా అమ్మిరాజుగారితో చల్లగా ఒక మాటన్నాడు.

"కనకదుర్గగారికి పూజల మీదున్న ధ్యాస పని మీద లేదండి. ఏం చేత్తాం!"

అందరూ నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది. నా ధ్యాస గురించి ఇతను చెప్పాలా! సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్క చుక్కగా వేస్తూ, రంగు విరిగేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. ఒక్కటి తప్పితే ఆక్సిజన్ లెక్క మొత్తం తప్పుతుంది. నేను చుక్కకొక నమశ్శివాయ అనుకుంటూ వేస్తాను. పక్కన ఫోన్ మోగినా, బయట పిడుగు పడినా నా చెయ్యి వణకదు. ఆ నిలకడ నాకు జపం వల్ల వచ్చింది, సోమవారాల ఉపవాసం వల్ల, మౌనం వల్ల వచ్చింది. ఆ మాట పడ్డ దగ్గర్నించి నిష్ఠ ఇంకా పెంచాను. భక్తి పెరిగి కాదు, పంతం పెరిగి. అతను ఒక్క తప్పు చేస్తే చాలు, నా కంట పడకుండా పోకూడదు.

సోమవారం నేను నక్షత్రాలు కనిపించేదాకా నోరు విప్పను. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. నీళ్ళలో ఏదైనా తేడా కనిపిస్తే పలక మీద రాసి తీసుకెళ్ళి మేనేజరుకి చూపిస్తాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా చూపించకుండా ఉండలేదు. అందుకే పాపారావు నేను అంకెలు రాసే రిజిస్టరు తెరిచి చూడడం ఎప్పుడో మానేశాడు.

కార్తీకంలో మూడో సోమవారం వాయుగుండం పట్టింది. తెల్లారినా వెలుతురు లేదు, ఒకటే ముసురు. ఎండ రాని రోజు చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్ళను చిలికే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. పాపారావు రోజూ లాగే ఆరింటికి వాటిని ఆపించేశాడు. ఏడింటికి మూడో చెరువు నీళ్ళు పరీక్షించాను. ఆక్సిజన్ నాలుగు రావలసింది, రెండు వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ రెండే.

రిజిస్టరులో ఎర్ర సిరాతో ఆ అంకె వేశాను. టైము రాసి, సంతకం పెట్టాను. తర్వాత పలక కోసం సంచిలో చెయ్యి పెట్టి, అక్కడే ఆపేశాను. ఎదురుగా అన్నం ఉన్నా ముట్టకుండా ఉండడం నేర్చుకున్న చెయ్యి అది. పలకను వదిలేయడం దానికి ఒక లెక్క కాదు.

అంతలో పాపారావు గొడుగుతో గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమ్మా, అంతా బానే ఉందా?" అని నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, సోమారం కదా! ఏదన్నా ఉంటే మీరే చూపిత్తారు లెండి."

అలా అని టీ తాగడానికి కనకాలపేట వైపు వెళ్ళిపోయాడు. నేను కళ్ళు మూసుకుని జపంలో కూర్చున్నాను. ఒక్క నామం తడబడలేదు. అబద్ధమెందుకు, నాకు పండగలా ఉంది.

తొమ్మిదిన్నరకి మేత వేసే వెంకన్న గట్టు మీద పరిగెత్తుకొచ్చాడు. "బాబోయ్, మూడోదాంట్లో రొయ్య తేలిపోతందండోయ్!" ఏరియేటర్లన్నీ వేశారు కానీ అప్పటికే ఆలస్యమైంది. మధ్యాహ్నానికి చెరువు అంచుల వెంట చచ్చిన రొయ్యలు దిబ్బలు కట్టాయి.

అమ్మిరాజుగారు వచ్చి ముందు రిజిస్టరే తెరిచారు.

"ఏడింటికే రాసిందయ్యా ఆవిడ! ఎర్ర ఇంకుతో రాసింది! నువ్వేం చూత్తన్నావ్? రేపట్నించి రావక్కర్లేదు, ఫో!"

అదే గట్టు, అదే పనివాళ్ళు. ఈసారి తల దించుకున్నది పాపారావు. నేను ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను. అప్పుడు అమ్మిరాజుగారు నా వైపు తిరిగారు.

"పలక మీద రాసి ఈయనకి చూపించలేదా అమ్మా?"

నేను కదిలే లోపే పాపారావు అందుకున్నాడు.

"చూపించే ఉంటారండి. మూడేళ్ళలో ఆవిడ ఒక్కసారన్నా మర్చిపోలేదు. వాన హడావిడిలో నేనే చూసుండను. ఆవిణ్ణేం అనకండి, వ్రతంలో ఉన్నారు." తర్వాత నాకు రెండు చేతులూ జోడించాడు. "పోయిన పంటప్పుడు నోరు జారేనమ్మా. పని మీద ధ్యాసంటే మీదే. తప్పయిపోయింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాలుగు నెలలుగా నేను వినాలనుకున్న మాట, అందరూ వింటుండగా అన్నాడు.

అమ్మిరాజుగారు ఇంకా నన్నే చూస్తున్నారు. చూపించలేదని తల అడ్డంగా ఊపడానికి నోటితో పని లేదు, వ్రతభంగమూ కాదు. ఆయన కారెక్కి వెళ్ళిపోయేదాకా నా మెడ కదల్లేదు.