ఎక్కడుంది అన్నయ్యా

ఆ వడ్రంగి షెడ్డులో ఏ వస్తువు ఎక్కడుందో పెద్ద మేస్త్రికి తప్ప పైవాడికి కూడా తెలియదని చెప్పుకునేవారు. చెప్పుకోవడమేమిటి, నిజమే. సన్న ఉలి కావాలంటే పాత తలుపు చెక్కల వెనక, నూనె గుడ్డ కింద. మూలమట్టం కావాలంటే జిగురు డబ్బాల మధ్య, అదీ తలకిందులుగా. మేకుల్లో మరలు, మరల్లో మేకులు, రంపప్పొట్టులో సమస్తం. కొత్తవాడెవడైనా అక్కడ సుత్తి కోసం వెతకడం మొదలుపెడితే, దొరికేసరికి వాడికి గడ్డం పెరగాల్సిందే.

పెద్ద మేస్త్రి మాత్రం చిత్రిక పడుతూ తల కూడా ఎత్తేవాడు కాదు. "ఎక్కడుంది అన్నయ్యా?" అని తమ్ముడు అడిగేవాడు. పాలిష్ పని చేసే వార్నీషు మామ కూడా గొణుక్కుంటూ అదే అడిగేవాడు. ఆయన కాస్త బెట్టు చేసి, నీ కాళ్ల దగ్గరే ఉంది చూడు అనేవాడు. అక్కడే ఉండేది. ఇక ఆ పూటంతా ఆయనకి ఏనుగెక్కినంత సంబరం. పాపం, ఆయనకి మాత్రం ఇంకేముంది? పనితనంలో తమ్ముడు తనని ఎప్పుడో దాటిపోయాడు. కొత్త మిషన్లు తమ్ముడి చేతికే లొంగుతాయి, బేరానికొచ్చినవాళ్లు తమ్ముడితోనే మాట్లాడతారు. ఆయనకి మిగిలిన పెద్దరికమల్లా ఆ ఒక్క ప్రశ్నే.

అలాంటి షెడ్డులోకి మరదలు వచ్చింది. తమ్ముడి భార్య. పెద్ద ఫ్యాక్టరీలో పనిముట్ల స్టోరు చూసిన మనిషి. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఊరికే ఇంట్లో కూర్చోవడమెందుకని షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. ఆ వారంలోనే తమ్ముడు నేల మీద పడి ఉన్న చెక్క తట్టుకుని, గిర్రున తిరుగుతున్న మిషన్ రంపం మీదికి తూలి, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. మర్నాడు చీపురు పట్టుకుని వచ్చింది.

తర్వాత ఆ షెడ్డుని చూస్తే కళ్లు తిరిగాయి జనానికి. గోడకి పెద్ద పలక బిగించింది. ఒక్కో పనిముట్టునీ దానికి ఆనించి, చుట్టూ రంగుతో గీత గీసి, అక్కడే తగిలించింది. ఉలి తీస్తే ఉలి ఆకారం ఖాళీగా కనిపిస్తుంది. పని ముగించి ఇంటికెళ్లే ముందు గోడకేసి ఒక్క చూపు చూస్తే చాలు, ఏది రాలేదో తెలిసిపోతుంది. మిషన్ల చుట్టూ నేల మీద పసుపు గీత గీసింది, దాని లోపల పుల్ల కూడా పడి ఉండకూడదు. తలుపు పక్కన, ఎర్ర గీత మధ్యలో, మందుల పెట్టె తగిలించింది. అందులో దూది, కట్టు గుడ్డ, గాయాల మందు. ప్రతి మేకూ కొట్టే ముందు, మీకేమైనా ఇబ్బందా బావగారూ అని అడిగింది కూడా. నాదేముందమ్మా, కానీ అన్నాడాయన. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాడు.

పని పరుగందుకుంది. చెప్పిన రోజుకి బల్లలు, కుర్చీలు బయటికెళ్లాయి. చివరికి వార్నీషు మామ గొణుగుడు కూడా తగ్గింది, అది వింతల్లోకెల్లా వింత. ఆ ప్రశ్న మాత్రం షెడ్డులో వినబడ్డం మానేసింది. పెద్ద మేస్త్రి చిత్రిక పడుతూ చెవులు రిక్కించేవాడు. ఎవరికి కావలసింది వాళ్లు గోడ మీంచి తీసుకుని, వాడుకుని, మళ్లీ అక్కడే పెట్టేస్తున్నారు. ఆయన అక్కడ ఉన్నాడో లేడో కూడా ఎవరికీ పట్టనట్టయింది. ఇంటికెళ్లాక భార్య, ఎందుకలా ముఖం మాడ్చుకున్నారని అడిగితే నడుం నొప్పన్నాడు.

మొదటిసారి కావాలని చేయలేదు. చేతిలో ఉన్న సన్న ఉలిని పాత అలవాటు కొద్దీ తలుపు చెక్కల వెనక పెట్టి మరిచిపోయాడు. తమ్ముడు గోడ మీద ఖాళీ చూసి, "ఎక్కడుంది అన్నయ్యా?" అన్నాడు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత చేసినవన్నీ తెలిసి చేసినవే. తల నెరిసిన మనిషి, నలుగురూ మేస్త్రీ అని గౌరవించే మనిషి, ఎవరూ చూడకుండా గోడ మీంచి పనిముట్లు దింపి దాచడమేమిటి? చెప్పుకుంటే సిగ్గుచేటు. కానీ దాచాడు. ఓ రోజు మూలమట్టం, ఓ రోజు ఆకురాయి, ఓ రోజు కొయ్య సుత్తి. అడిగితే కాసేపు గడ్డం గోక్కుని తెచ్చి ఇచ్చేవాడు. ఒక్కోసారి దాచినదాన్ని ఎవరూ అడగక ముందే ఇంకోటి మాయమయ్యేది. గోడ మీద బొమ్మలేస్తే సరిపోతుందా అని తమ్ముడు పెళ్లాం మీద విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఆమె ఎదురు చెప్పలేదు. తప్పు తన అమరికలోనే ఉందనుకుని, అందరూ వెళ్లాక ఒక్కతే ఉండి ప్రతి గీతనీ సరిచూసుకునేది. ఏది కనిపించకపోయినా తనే వెతుక్కునేది గానీ, ఆయన్ని మాత్రం ఎన్నడూ అడగలేదు.

అదే ఆయన్ని గుచ్చింది. అందుకే ఆ రోజు మధ్యాహ్నం మందుల పెట్టె తీశాడు. దాంతో ఎవరి పనీ ఆగదు, సాయంత్రం సరిచూసుకునేటప్పుడు ఆమే వచ్చి అడుగుతుంది అనుకున్నాడు. తలుపు చెక్కల వెనక పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి పనిలో కూర్చున్నాడు.

సాయంత్రం దాకా ఆగే పని లేకపోయింది. కుర్చీ కాలికి గాడి తీస్తుంటే ఉలి జారి తమ్ముడి ఎడమ అరచేతిలో దిగబడింది. రక్తం బొటబొటా కారింది. మరదలు ఒక్క ఉరుకున తలుపు దగ్గరికెళ్లింది. ఎర్ర గీత మధ్య గోడ బోసిగా ఉంది. వార్నీషు మామ వార్నీషు అంటిన గుడ్డ తెచ్చాడు, వద్దని ఆమె తోసేసి, తన పైటకొంగు అదిమి పట్టింది. అదీ తడిసిపోయింది.

"పెట్టె ఎక్కడుంది అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. గొంతు సన్నగా వచ్చింది.

పెద్ద మేస్త్రి లేచాడు. తిన్నగా వెళ్లి తీస్తే, అక్కడికెలా వచ్చిందని అడగరూ? ఆ ఆలోచన ఆయన బుర్రలోకి వచ్చింది. వచ్చినందుకే ఛీ అనాలి, కానీ ఆయన దాని మాట విన్నాడు కూడా. ముందు జిగురు డబ్బాల వెనక చూశాడు. తర్వాత కిటికీ కింద వంగి చూశాడు. రెండు చోట్లా లేదని ఆయనకి తెలుసు. తమ్ముడు గోడకి జారగిలబడి కళ్లు మూశాడు. అప్పుడు గానీ ఆయన తలుపు చెక్కల దగ్గరికి వెళ్లలేదు.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. చేతికేం ప్రమాదం లేదు, నరం తెగలేదన్నారు. రక్తం బాగా పోయింది, కాస్త ముందే గట్టిగా కట్టు కట్టాల్సిందన్నారు.

మర్నాడు తమ్ముడు ఇంట్లో ఉండలేక, కట్టు కట్టిన చేత్తోనే షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. సమయానికి అన్నయ్య ఉన్నాడు గనక బతికానని వార్నీషు మామకి మళ్లీ మళ్లీ చెప్పాడు. ఈ గీతలూ గాడిదగుడ్డూ వద్దు, అన్నీ అన్నయ్యకే వదిలేయమని భార్యతో అన్నాడు. ఆమె సరేనంది. సన్న రేకు తీసుకుని తలుపు పక్క ఎర్ర గీతని గీకడం మొదలుపెట్టింది. ముఖం గోడవైపే ఉంది, భుజాలు కదులుతున్నాయి.

ఇంకేం, ఆయన కోరుకున్నదంతా పళ్లెంలో పెట్టి ఇచ్చేశారు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఇక జన్మంతా అందరూ ఆయన్నే అడుగుతారు. ఆయన చిత్రిక పట్టుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. తమ్ముడు మెచ్చుకున్న కొద్దీ తల కొట్టేసినట్టవుతోంది. రేకు గోడ మీద కిర్రుమన్నప్పుడల్లా ఒళ్లు ముడుచుకుపోతోంది.

"గీకకమ్మా," అన్నాడు చివరికి. "పెట్టె ఎక్కడుందో నాకు ముందే తెలుసు."

"మీకు తెలియందేముంది బావగారూ," అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. అది ఇంకా భరించలేకపోయాడు.

"తెలియడం కాదు. నేనే తీసి దాచాను. ఆ ఉలీ, మూలమట్టం, అన్నీ నేనే." చేతిలోని చిత్రిక బల్ల మీద పెట్టేశాడు. "నిన్న కూడా, తెలిసీ రెండు చోట్ల ఊరికే వెతికాను. దొరికిపోతానని."

రేకు చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"కిటికీ కింద నువ్వు వంగడం నేను చూశానన్నయ్యా," అన్నాడు. "నా కోసం ఎంత కంగారుపడిపోతున్నాడో అనుకున్నాను."

భూమి చీలితే బాగుండునని జనం అంటూంటారు. పెద్ద మేస్త్రికి ఆ రోజు అది మాటవరస కాదు.

మరదలు ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా ఏమేం ఎక్కడున్నాయి బావగారూ?"

మొదటిసారి అడిగింది. ఇన్నాళ్లూ ఆ నోట ఏ మాట వినాలని ఆయన దొంగపనులన్నీ చేశాడో, అదే మాట. వంగి, చెక్కల వెనక నుంచి ఆకురాయి తీశాడు. బల్ల కింద నుంచి కొయ్య సుత్తి, పొట్టు బస్తా అడుగు నుంచి పట్టకారు. ఒక్కోటీ తెచ్చి అందరూ చూస్తుండగా దాని గీతలో తగిలించాడు. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ వద్దనలేదు. ఆఖరికి నిన్న బల్ల మీద వదిలేసిన మందుల పెట్టె తెచ్చి తలుపు పక్కన తగిలించాడు. చుట్టూ ఎర్ర గీత సగం గీకేసి ఉంది. దాన్ని మళ్లీ నిండుగా గీయాలి.

చుట్టూ చూశాడు. రంగు డబ్బాలు ఆమె సర్దినవి. అవెక్కడుంటాయో ఇన్నాళ్లూ పంతానికి చూడనే లేదు.

"ఎర్ర రంగు ఎక్కడుందమ్మా?" అన్నాడు. తన గొంతులో ఆ మాట తనకే కొత్తగా వినిపించింది.

"ఉండాల్సిన చోటే ఉంది బావగారూ," అంది ఆమె, భర్త చేతికట్టు సరిచేస్తూ.

ఆయన వెళ్లి, గోడ ముందు నిలబడి, కొత్తగా పనిలో చేరినవాడిలా ఒక్కో గీతనీ చూసుకుంటూ వెతకడం మొదలుపెట్టాడు.